సీఈసీ పిల్లలకు లా సంగతి ముందే చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రికలో ఇంటర్ తర్వాత ఏం చదవాలో చెబుతూ ఒక పూర్తి పేజీ వేశారు. ఎంపీసీ కింద పొడుగాటి జాబితా, బైపీసీ కింద ఇంకా పొడుగాటిది. కామర్స్ ఉన్న గ్రూపులు సీఈసీ, ఎంఈసీ దగ్గరికొచ్చేసరికి నాలుగంటే నాలుగు ముక్కలు: బీకాం, సీఏ, సీఎంఏ, సీఎస్. లా ఎక్కడుందా అని వెతికితే పేజీ అడుగున హెచ్‌ఈసీ పక్కన కనిపించింది. అంటే కామర్స్ పిల్లలకు లాతో పని లేదనా? ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగైంది. వేసుకునే వీలుంటే వేయండి, లేకపోతే మీకు అవసరమైనంత వరకు కత్తిరించుకోండి.

నేను నరసరావుపేట కోర్టులో ఒక సీనియర్ వకీలు గారి దగ్గర గుమాస్తాని. లా చదవలేదు. దావా కట్ట కట్టడం, కోర్టు ఫీజు లెక్క వేయడం, కాపీ అప్లికేషన్లు పెట్టడం, వాయిదాల డైరీ రాయడం నా పని. మా పెద్దమ్మాయి సర్కారు జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం సీఈసీ చదివింది. మన రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి ఐదేళ్ల లా కోర్సులో చేరింది, ఇప్పుడు మూడో ఏడు. మావాడు ఎంఈసీ, సెకండియర్‌లోకి వస్తున్నాడు, వాడూ అక్క దారే అంటున్నాడు. కాబట్టి ఈ సంగతి ఇంట్లోనూ చూశాను, ఆఫీసులోనూ రోజూ చూస్తున్నాను.

ముందు రూలు చెప్పేస్తాను, ఎందుకంటే అది చాలా చిన్నది. ఐదేళ్ల లా కోర్సుకు ఇంటర్ పాసై ఉండాలి. ఏ గ్రూపు అని ఎవరూ అడగరు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయ విద్యా నియమాలు చూసేది మార్కుల శాతాన్నే. లాసెట్ ప్రకారం ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం ఉండాలి. అంతే. ఒక్క చోట మాత్రం జాగ్రత్త పడాలి. ఇంటర్ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లను లాలో చేర్చుకోరు. దూరవిద్యలో ఇంటర్ పాసైనవాళ్లకు ఆ అభ్యంతరం లేదు. ఈ రెండిటికీ తేడా తెలియక మా ఆఫీసు గుమ్మం దాకా వచ్చి అడిగినవాళ్లున్నారు.

రూలు ఇంత సులువుగా ఉంటే జనంలో ఉన్న మాట వేరు. "లా అంటే డిగ్రీ అయ్యాక కదా", "హిస్టరీ చదివినవాళ్లకి కదా", "కామర్స్ వాళ్లు బ్యాంకు ఉద్యోగాలకే పనికొస్తారు". అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు కాలేజీకి కెరీర్ గైడెన్స్ చెప్పడానికి ఒకాయన వచ్చాడట. సీఈసీ క్లాసులో నిలబడి బీకాం కంప్యూటర్స్ గురించి గంట సేపు చెప్పాడట. మా అమ్మాయి లేచి, లా చదవొచ్చా అని అడిగితే, "ముందు డిగ్రీ పూర్తి చెయ్యమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడట. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. మా కోర్టులో నేనెరిగిన వకీళ్లు దాదాపు అందరూ డిగ్రీ చేసి, తర్వాత మూడేళ్ల లా చదివినవాళ్లే. బీఏ వాళ్లున్నారు, బీకాం వాళ్లున్నారు, బీఎస్సీ చేసి టీచరు ఉద్యోగం వదిలేసి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇంటర్ నుంచి నేరుగా వచ్చిన దారి మా బార్ అసోసియేషన్‌లో కుర్రవాళ్ల దగ్గరే కనిపిస్తుంది.

ఇక కామర్స్‌కీ లాకీ సంబంధం ఏమిటని అడిగేవాళ్లకు మా ఆఫీసు బీరువా చూపించాలని ఉంటుంది. పల్నాడు వైపు కోర్టుల్లో హత్య కేసులే నడుస్తాయని బయటివాళ్లు అనుకుంటారు. మా బీరువాలో మూడు అరలు డబ్బు దావాలే. ప్రామిసరీ నోట్లు, చెక్కులు, ఖాతా బాకీలు, భాగస్తుల తగాదాలు. సినిమాల్లో లాగా బల్ల గుద్ది వాదించే రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయో గానీ, లెక్క సరిచూసుకోవలసిన రోజులు మాత్రం వారంలో ఐదు ఉంటాయి.

ప్రామిసరీ నోటునే తీసుకోండి. రెండు లక్షల నోటు, నూటికి రెండు రూపాయల వడ్డీ, నోటు రాసి రెండేళ్ల ఏడు నెలలైంది. దావాలో వడ్డీ ఎంత వేయాలి? నెలకు 4,000 చొప్పున 31 నెలలకు 1,24,000. ఇది ఎవరైనా వేస్తారు. మధ్యలో అప్పు తీసుకున్నాయన 50,000 కట్టి నోటు వెనక చెల్లు రాశాడనుకోండి. ఆ డబ్బు ముందు వడ్డీకి పోతుందా, అసలుకు పోతుందా? దావా వేయడానికి ఉన్న మూడేళ్ల కాలపరిమితి చెల్లు రాసిన తేదీ నుంచి మళ్లీ మొదలవుతుందా? అక్కడ లెక్క ఆగి చట్టం మొదలవుతుంది. మళ్లీ లెక్కలోకే వస్తుంది. ఈ రెండిటి మధ్య తడబడకుండా తిరగగలిగిన జూనియర్ వకీలంటే మా సీనియర్‌కి ప్రాణం.

చెక్ బౌన్స్ ఇంకోటి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది, అందులో 138వ సెక్షన్ పేరు కోర్టు ముందు టీ కొట్టు కుర్రాడికి కూడా తెలుసు. డబ్బు లేక చెక్కు వెనక్కి వచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన తర్వాత 15 రోజులు గడువు. అప్పటికీ ఇవ్వకపోతే ఆ తర్వాత నెల లోపల కోర్టులో ఫిర్యాదు వేయాలి. తేదీలు తప్పితే ఎంత నిజమైన బాకీ అయినా తిప్పలే. మా ఆఫీసులో గోడ క్యాలెండర్ మీద ఎర్ర ఇంకు సున్నాలన్నీ ఇవే. సీఈసీలో ఈ చట్టం సెక్షన్లు ఎవరూ చెప్పరు. కాకపోతే వర్తకపు బిల్లులు, బిల్లు రాసినవాడు, స్వీకరించినవాడు, గడువు తేదీ, బిల్లు అనాదరణ అని అకౌంట్స్‌లో బట్టీ పట్టిన పిల్ల, ఈ చట్టం తెరిస్తే ఎక్కడికో కొత్త ఊరికి వచ్చినట్టు బెదరదు.

మరీ దగ్గరగా చూసిన సంగతి ఒకటి చెబుతాను. పోయిన వేసవి సెలవుల్లో అమ్మాయి ఇంటికొచ్చి ఆఫీసులో కూర్చునేది. అప్పుడు ఒక ఖాతా బాకీ దావాలో మేం ప్రతివాది తరఫున ఉన్నాం. వాది ఎరువుల వ్యాపారి. ప్రతివాది రైతు. వ్యాపారి, చిట్టాలోని రోజువారీ పద్దుల్ని ఖాతాల వారీగా ఎత్తి రాసే తన ఆవర్జా (లెడ్జర్) నుంచి ఖాతా నకలు టైపు చేయించి, సంతకం పెట్టి, కోర్టులో దాఖలు చేశాడు. మూడు సంవత్సరాల పద్దులు. నేను మొత్తాలు కూడి చూశాను, సరిపోయాయి. వకీలు గారు తేదీలు చూశారు, కాలపరిమితిలోనే ఉంది. అమ్మాయి ఆ కాగితం తీసుకుని మొదట మొత్తాల జోలికే పోలేదు. ప్రతి ఏడాదీ మార్చి 31 నాటి ముగింపు నిల్వనూ, మరుసటి రోజు ఏప్రిల్ 1 నాటి ప్రారంభ నిల్వనూ పక్కపక్కన పెట్టుకుంది. రెండో ఏడాదికీ మూడో ఏడాదికీ మధ్య నిల్వ కలవలేదు. ముగిసినప్పుడు తక్కువ, మొదలైనప్పుడు ఎక్కువ. ఆ తేడాకు పద్దు లేదు, బిల్లు నంబరు లేదు. "నాన్నా, ఇది చిట్టాలో లేకుండా ఆవర్జాలోకి ఎలా వచ్చింది?" అని అడిగింది.

వకీలు గారు ఆ కాగితం తీసుకుని కళ్లద్దాలు పైకి తోసి రెండు సార్లు చూశారు. తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో వ్యాపారిని అడిగిన మొదటి ప్రశ్న అదే. అసలు చిట్టా పుస్తకం తెమ్మని పట్టుబట్టాం. ఆ దావా ఇంకా నడుస్తోంది కాబట్టి అంతకు మించి చెప్పను. ఇక్కడ చట్టం ఏమిటంటే, వ్యాపారంలో క్రమం తప్పకుండా రాసే ఖాతా పుస్తకాల్లోని పద్దులు సాక్ష్యంగా పనికొస్తాయి, కానీ ఆ పద్దు ఒక్కటే చూపించి ఎదుటివాడి మీద బాకీ మోపలేం. పాత సాక్ష్య చట్టంలో ఇది 34వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. చిట్టా, ఆవర్జా, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) అంటే ఏమిటో ఇంటర్‌లో నేర్చుకోని పిల్లకు ఆ సెక్షన్ రెండు వాక్యాలుగా మిగిలిపోతుంది. నేర్చుకున్న పిల్లకు అది ఆయుధం.

భాగస్వామ్యం సంగతీ అంతే. కామర్స్ ఫస్టియర్‌లో భాగస్వామ్య సంస్థను రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, చేయించకపోతే వచ్చే నష్టాలివీ అని ఒక ప్రశ్న వస్తుంది. పిల్లలు ఐదు మార్కుల కోసం రాసి పారేస్తారు. ఆ నష్టాల్లో మొదటిది 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్. రిజిస్టర్ కాని సంస్థ బయటివాళ్ల మీద ఒప్పందం ఆధారంగా దావా వేయలేదు. దీని దెబ్బ ఎలా ఉంటుందో నేను చూశాను. బావా బావమరుదులు కలిసి పురుగుమందుల షాపు పెట్టారు. స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకున్నారు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకులే అనుకున్నారు. లక్షల్లో బాకీలు బయట ఉండిపోయాయి. దావా వేస్తే ఎదుటి వకీలు మొట్టమొదట అడిగింది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. దావా వేసిన తర్వాత రిజిస్టర్ చేయించినా ఆ దావా బతకదు, వెనక్కి తీసుకుని కాలపరిమితి ఉంటే మళ్లీ వేసుకోవాలి. ఐదు మార్కుల ప్రశ్న అంత ఖరీదైనది.

కామర్స్‌తో పాటు సీఈసీలో ఉన్న సివిక్స్‌ని మరిచిపోకండి. మా అమ్మాయి చదివిన సెకండియర్ సివిక్స్ చాలా వరకు మన రాజ్యాంగమే: ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, పార్లమెంటు, సుప్రీంకోర్టు, హైకోర్టు. ఇది లాసెట్‌కి ఎంత దగ్గరో ప్రశ్నపత్రం చూస్తే అర్థమవుతుంది. లాసెట్ 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30. కరెంట్ అఫైర్స్ 30. మిగతా 60 మార్కులు, అంటే సగం పేపర్, లా చదవడానికి కావలసిన అభిరుచి మీద. అందులో రాజ్యాంగం, చట్టంలోని ప్రాథమిక సూత్రాలు వస్తాయి. ప్రశ్నలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఇస్తారు. తప్పుకు మార్కు కోత లేదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. ఎంపీసీ చదివి లాసెట్‌కి వచ్చిన పిల్లవాడు అధికరణలు కొత్తగా మొదలుపెడుతుంటే సీఈసీ పిల్ల వాటిని ఒకసారి తిరగేసుకుంటే చాలు. అర్హత రావడం పెద్ద విషయం కాదు. మంచి ర్యాంకు వస్తేనే యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలో సీటు. మా అమ్మాయిని ఇబ్బంది పెట్టింది మెంటల్ ఎబిలిటీ. పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టుకోలేదు కదా. ఎంఈసీ వాళ్లకు ఆ బాధ ఉండదు, కాకపోతే వాళ్లకు సివిక్స్ ఉండదు. ఎవరి లోటు వాళ్లది.

ఇప్పుడు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష క్లాట్ గురించి. ఇక్కడే మన పిల్లలకు అసలు నష్టం జరుగుతోంది.

హైదరాబాద్ దగ్గర శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ లా స్కూల్, వీటికి లాసెట్ పనికిరాదు. క్లాట్ రాయాలి. దానిక్కూడా గ్రూపు పట్టింపు లేదు. ఇంటర్‌లో 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40 ఉంటే చాలు. గరిష్ఠ వయసు నిబంధన లేదు. సెకండియర్ చదువుతూనే రాయొచ్చు. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఇంగ్లీషు, కరెంట్ అఫైర్స్, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, కొంచెం లెక్కలు. ఆ లెక్కలు కూడా పదో తరగతి స్థాయివే: శాతాలు, నిష్పత్తులు, పట్టికలు చదవడం. లాభనష్టాల ఖాతా వేసిన పిల్లకు వీటితో భయం ఉండకూడదు. లీగల్ రీజనింగ్‌కు ముందుగా చట్టాలు చదివి ఉండాల్సిన పని లేదు. పేరాలోనే సూత్రం ఇస్తారు, దాన్ని ఒక సందర్భానికి వర్తింపజేయాలి.

మరి అడ్డం ఏమిటంటే ఇంగ్లీషు. 2020 నుంచి పేపర్ అంతా పేరాలు చదివి జవాబు రాసే పద్ధతికి మారింది. ఒక్కో పేరా నాలుగు వందల యాభై మాటల దాకా ఉంటుంది. తెలుగులో ప్రశ్నపత్రం లేదు. తెలుగు మీడియం పిల్లవాడికి తెలివి తక్కువై కాదు, చదివే వేగం చాలక ఓడిపోతాడు. మావాడు పోయిన సంవత్సరం నుంచి రోజూ ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం ఒకటి చదివి, చివర అది ఏమంటుందో రెండు తెలుగు వాక్యాల్లో నాకు చెబుతున్నాడు. మొదట్లో అరగంట పట్టేది. ఇప్పుడు నేను టిఫిన్ తినేలోపు అయిపోతోంది. వాడికి సీటొస్తుందో రాదో చెప్పలేను గానీ, ఈ అలవాటు జడ్జిమెంట్లు చదవడానికైనా పనికొస్తుంది. సీటు రానివాడికి ఆ శ్రమంతా వృథా అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఖర్చు సంగతి కూడా దాచకూడదు. క్లాట్ దరఖాస్తుకే జనరల్ వాళ్లకు 4,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 3,500. పల్లెటూరి ఇంట్లో పరీక్ష రాయడానికి అంత కట్టాలంటే ఆలోచిస్తారు. జాతీయ విశ్వవిద్యాలయాల్లో చదువు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. బ్యాంకు లోను తీసుకునేవాళ్లు తీసుకుంటున్నారు. లాసెట్ కాలేజీల్లో అంత ఉండదు. కాకపోతే ఏ కాలేజీలో చేరినా ఆ సంవత్సరానికి బార్ కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూసుకుని చేరమని తల్లిదండ్రులకు చెబుతాను. ఐదేళ్లు చదివాక వకీలుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఆగిపోతే ఆ బాధ చెప్పనలవి కాదు. దూరవిద్యలో లా డిగ్రీ ఇప్పిస్తామనే ప్రకటనలు చూస్తుంటాం. ఆ డిగ్రీతో నల్లకోటు వేసుకోలేరు.

బీకాం చేసి మూడేళ్ల లా చదివితే తప్పా అని నన్ను చాలామంది అడుగుతారు. తప్పేం కాదు. ఐదేళ్లకు బదులు ఆరేళ్లు పడుతుంది, మధ్యలో ఇంకో ఎంట్రన్స్ ఉంటుంది. అయినా పదిహేడేళ్ల పిల్లకు తనకేం కావాలో తెలియనప్పుడు బీకాం మంచి మజిలీ. సీఏ మీద మనసున్నవాళ్లు అటే వెళ్లాలి. లా తప్పకుండా చదవాలని ఇంటర్‌లోనే తేల్చుకున్న పిల్లను "ముందు డిగ్రీ" అని పక్కకు నెట్టడమే నాకు నచ్చనిది. కామర్స్ వదులుకోవడం ఇష్టం లేనివాళ్లకు ఐదేళ్ల కోర్సుల్లోనే బీబీఏ ఎల్‌ఎల్‌బీ, బీకాం ఎల్‌ఎల్‌బీ ఉన్నాయి. అన్ని చోట్లా ఉండవు, వెతుక్కోవాలి. రెగ్యులర్ బీకాం ఒక కాలేజీలో, లా ఇంకో కాలేజీలో ఒకేసారి చదివేద్దామనే తెలివి మాత్రం వద్దు. బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు, పైగా లాకు 70 శాతం హాజరు కావాలి.

చదువయ్యాక ఏంటన్నది తల్లిదండ్రుల అసలు టెన్షన్. ఇందులో తీపి మాటలు చెప్పను. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. నమోదు ఫీజు పేరుతో వేలకు వేలు గుంజే పద్ధతిని 2024 జూలైలో సుప్రీంకోర్టు ఆపింది. చట్టంలో రాసిన ప్రకారం జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని చెప్పింది. జడ్జి పరీక్ష నేరుగా రాసేద్దామనుకున్న పిల్లలకు 2025 మేలో ఇంకో తీర్పు వచ్చింది: జూనియర్ సివిల్ జడ్జికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఆ మూడేళ్లూ మామూలు ఇళ్ల పిల్లలకు గడ్డుకాలం. సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరినవాడికి చేతిలో పడేది బస్సు ఛార్జీలకు సరిపోతే గొప్ప. ఇదంతా కళ్లారా చూసే నేను అమ్మాయిని పంపించాను. ఎందుకంటే కంపెనీలు, జీఎస్టీ, దివాలా కేసులు, వినియోగదారుల కమిషన్లు, బ్యాంకు రికవరీలు, ఎక్కడ చూసినా బ్యాలెన్స్ షీటు చదవగలిగే వకీలు కావాలి. దివాలా స్మృతి 2016లో వచ్చింది, జీఎస్టీ 2017 జూలైలో వచ్చింది. మా సీనియర్ లాంటి పెద్దవాళ్లు ఇవి కొత్తగా నేర్చుకోలేక అటువంటి కేసుల్ని గుంటూరుకో విజయవాడకో పంపించేస్తున్నారు. అవి పోయేది నా కళ్లముందే.

ఇంతకీ నా విన్నపానికి వస్తాను. క్లాట్ ఈమధ్య డిసెంబరు మొదటి ఆదివారం జరుగుతోంది. 2024లో డిసెంబరు 1న, 2025లో డిసెంబరు 7న జరిగింది. దరఖాస్తులు వానాకాలంలో మొదలై దసరా, దీపావళి రోజుల్లో ముగుస్తున్నాయి. అంటే సెకండియర్ పిల్లలు ఇంకా సగం సిలబస్‌లో ఉండగానే గడువు దాటిపోతుంది. మన దగ్గరేమో ఇంటర్ ఫలితాలు వచ్చాక, ఏప్రిల్, మే నెలల్లో, 'ఏం చదవాలి' అని పేజీలు వేస్తాం, కాలేజీలు అప్పుడే గైడెన్స్ పెడతాయి. మా అమ్మాయి క్లాట్ పేరు విన్నది అలాంటి పేజీలోనే, పరీక్ష అయిపోయిన తర్వాత. లాసెట్‌కి అప్పటికింకా సమయం ఉంది కాబట్టి గట్టెక్కింది. ఆ పిల్లకు నల్సార్‌లో సీటు వచ్చేసి ఉండేదని నేననను. రాసే అవకాశమైనా ఉండేది.

ఇంటర్ బోర్డు వారు ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీకీ సెకండియర్ మొదలైన మొదటి నెలలోనే ఒక సర్క్యులర్ పంపి, క్లాట్, లాసెట్ వివరాలు సీఈసీ, ఎంఈసీ క్లాసుల్లో చదివించాలి. ఎంపీసీ పిల్లలకు ఈఏపీసెట్ గురించి ఎవరూ సర్క్యులర్ పంపనక్కర్లేదు, ఊరినిండా ఫ్లెక్సీలే చెబుతాయి. లాసెట్‌కు ఫ్లెక్సీ కట్టేవాళ్లు లేరు. జిల్లా బార్ అసోసియేషన్లు ఒక శనివారం ఇద్దరు యువ వకీళ్లను కామర్స్ క్లాసుకు పంపినా చాలు. వాళ్లకు ఖర్చు లేదు, పిల్లలకు ఒక మనిషి కనిపిస్తాడు, ప్రశ్నలు అడుగుతారు. మా వకీలు గారిని అడిగితే, "నన్నెవరు పిలుస్తారయ్యా, పిలిస్తే వెళ్తాను" అన్నారు.

మీ పత్రిక వరకు నేను కోరేది చిన్నది. వచ్చే ఏడాది పేజీలో లాను సీఈసీ, ఎంఈసీ జాబితాలోకి కూడా ఎక్కించండి. అంతకంటే ముందు, ఈ ఏడాది ఆగస్టులో, క్లాట్ దరఖాస్తులు తెరిచి ఉండగానే, ఒక పావు పేజీ దానికి కేటాయించి చివరి తేదీ పెద్ద అక్షరాలతో వేయండి. మా కోర్టు దగ్గర నెట్ సెంటర్ కుర్రాడు దాన్ని కత్తిరించి గోడకు అంటిస్తానని ఇప్పటికే ఒప్పుకున్నాడు.

ఇట్లు,
ఒక వకీలు గుమాస్తా,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.